త్రిత్వం దగ్గర తేడా తేలకుండా బైబిలు కాలేజీ దరఖాస్తు నింపకండి

ప్రశ్న: మేం మల్కాజ్‌గిరిలో ఉంటాం. మాది సువార్త సంఘం. మా అబ్బాయి బీఏ చివరి ఏడాదిలో ఉన్నాడు. డిగ్రీ అవగానే బైబిలు కాలేజీలో చేరి పాస్టర్ అవుతానంటున్నాడు. వాడి క్లాస్‌మేట్ ఒకబ్బాయి మోర్మన్ల చర్చికి వెళ్తాడు. "వాళ్లూ తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అనే అంటారమ్మా, మనకీ వాళ్లకీ తేడా ఏం లేదు. వాళ్ల ఆన్‌లైన్ కోర్సు ఫీజు కూడా తక్కువ, అది చేస్తే చాలు కదా" అంటున్నాడు. మా పాస్టర్ గారేమో వాళ్లు యేసును దేవుడని ఒప్పుకోరు, ఆ అబ్బాయితో స్నేహమే వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి? ఎక్కడ చేర్పించాలి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, తేడా లేదని మీ అబ్బాయి అనడం సరికాదు. వాళ్లు యేసును దేవుడని ఒప్పుకోరని పాస్టర్ గారు అనడమూ సరికాదు. ఫీజులు, సీట్ల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఇది తేలాలి. ఇంజనీరింగ్ కాలేజీలో చేరేటప్పుడు నీ నమ్మకమేంటని ఎవరూ అడగరు. బైబిలు కాలేజీలో మొదట అడిగేది అదే. చాలా సువార్త సెమినరీల (పాస్టర్లను తయారు చేసే కాలేజీల) దరఖాస్తుతో పాటు విశ్వాస ప్రమాణం అని ఒక కాగితం ఉంటుంది. దాని మొదటి వరుసల్లోనే త్రిత్వం వస్తుంది, చివర అభ్యర్థి సంతకం పెట్టాలి. తేడా లేదనుకునే కుర్రాడు ఆ కాగితం మీద సంతకం చేస్తే, తాను దేనికి ఒప్పుకున్నాడో తెలియకుండా చేసినట్టే.

త్రిత్వం గురించి సువార్త సంఘాలు నమ్మేది ఇది. దేవుడు ఒక్కడే. ఆ ఒక్క దేవుడిలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ముగ్గురు వ్యక్తులు నిత్యం ఉన్నారు. ముగ్గురు దేవుళ్లు లేరు, ముగ్గురిదీ ఒకే దైవ స్వభావం. కుమారుడికి ఆరంభం లేదు, ఆయన సృష్టి కాదు. "ఆదియందు వాక్యముండెను, వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను" అన్న యోహాను సువార్త మొదటి వచనం మీవాడికి కంఠతా వచ్చే ఉంటుంది. "దేవుని యొద్ద" అన్నప్పుడు ఇద్దరు కనిపిస్తారు, "దేవుడై" అన్నప్పుడు ఒక్కడే కనిపిస్తాడు. ఈ రెంటినీ కలిపి పట్టుకోవడానికే 325లో నీకయలో సభ జరిగింది. కుమారుడు సృష్టించబడినవాడని అరియస్ అనే పాదిరి బోధిస్తే ఆ సభ కాదంది, కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని తీర్మానించింది. పరిశుద్ధాత్మ గురించి 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఇంకొంత వివరంగా చెప్పింది. మన ఊళ్లో స్వతంత్ర సంఘాల్లో చాలావాటిలో ఆ సభల విశ్వాస ప్రమాణాన్ని ఆదివారం పైకి చదవరు. చదవకపోయినా నమ్మేది దాన్నే.

ఇక్కడ ఒక మాట మీ అబ్బాయికి చెప్పండి. సెమినరీ ఇంటర్వ్యూలో త్రిత్వాన్ని వివరించమంటే చాలామంది పిల్లలు సండే స్కూల్లో విన్న పోలిక చెప్పేస్తారు: నీరే మంచు అవుతుంది, నీరే ఆవిరి అవుతుంది, దేవుడూ అంతే అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ దాని అర్థం ఒకే వ్యక్తి మూడు వేషాలు వేశాడని. మూడో శతాబ్దంలో సబెల్లియస్ పేరుతో ప్రచారమైన బోధ అదే, సంఘం దాన్ని అప్పుడే తోసిపుచ్చింది. యేసు యొర్దానులో బాప్తిస్మం పొందుతుంటే ఆత్మ పావురంలా దిగివచ్చాడు, తండ్రి స్వరం ఆకాశం నుంచి వినిపించింది. ముగ్గురూ ఒకే సమయంలో ఉన్న ఆ సన్నివేశాన్ని నీటి పోలిక మోయలేదు. దాన్ని వదిలేసి ఆ సన్నివేశాన్నే చెప్పమనండి.

ఇక ఆ స్నేహితుడి సంఘం. దాని పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. మోర్మన్లు అనే పిలుపు వాడొద్దని, పూర్తి పేరుతో పిలవమని అప్పటి వాళ్ల అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ 2018లో కోరారు. మీ ఉత్తరంలో ఉంది కాబట్టి నేనూ మోర్మన్ అన్నాను, మీవాడు మాత్రం ఆ అబ్బాయి ముందు పూర్తి పేరే వాడితే మర్యాదగా ఉంటుంది. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన సంఘం అది. మన దేశంలో వాళ్ల తొలి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, 2012లో మన హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

వాళ్లు యేసును రక్షకుడంటారు, దేవుని కుమారుడంటారు, పాత నిబంధనలోని యెహోవా ఆయనే అంటారు. ప్రార్థన తండ్రికి చేసి యేసు నామంలో ముగిస్తారు. పాస్టర్ గారు యెహోవా సాక్షులతో కలిపి చూశారేమోనని నా అనుమానం. యేసు సృష్టించబడినవాడని, పరిశుద్ధాత్మ ఒక వ్యక్తి కాదు, దేవుని శక్తి మాత్రమేనని చెప్పేది యెహోవా సాక్షులు. ఈ రెండు సంఘాలకూ సంబంధం లేదు.

మరి తేడా ఎక్కడుంది? తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ వేరు వేరు అని, ఉద్దేశంలో, ప్రేమలో, పనిలో మాత్రమే ఒకటని ఆ సంఘం నమ్ముతుంది. స్వభావం రీత్యా ఒకే దేవుడన్న నీకయ మాటను వాళ్లు అంగీకరించరు. అపొస్తలుల తర్వాత సంఘం దారి తప్పిందని, ఆ సభల ప్రమాణాలు ఆ కాలానివేనని వాళ్ల అభిప్రాయం. దీనికి మూలం 1820లో పామైరా దగ్గరి అడవిలో తనకు తండ్రి, కుమారుడు ఇద్దరు వ్యక్తులుగా కనిపించారని జోసెఫ్ స్మిత్ చెప్పిన దర్శనం.

మీవాడు పొరబడింది ఎక్కడో నాకు తెలిసినట్టే ఉంది. ఆ స్నేహితుడు మోర్మన్ గ్రంథం చేతికిచ్చి ఉంటాడు. అందులో రెండవ నీఫై అనే భాగంలో 31వ అధ్యాయం చివరి వచనం తీస్తే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అంతంలేని ఒకే దేవుడు అనే కనిపిస్తుంది. మన సంఘంలో చదివినా ఎవరూ అభ్యంతరం చెప్పరు. కానీ ఆ సంఘానికి ఇంకో లేఖనం ఉంది, సిద్ధాంతము మరియు నిబంధనలు. అందులో 130వ ప్రకరణం 22వ వచనం, 1843 నాటిది, తండ్రికి మనిషికి ఉన్నట్టే స్పృశించదగిన మాంసం, ఎముకలు గల శరీరం ఉందని, కుమారుడికీ ఉందని, పరిశుద్ధాత్మ మాత్రం ఆత్మ రూపంలో ఉన్న వ్యక్తి అని చెబుతుంది. మొదటి పుస్తకంతో ఆగిపోతే తేడా కనపడదు, ఈ వచనం దగ్గర దాచినా దాగదు. "దేవుడు ఆత్మ" అన్న యోహాను 4:24 చదువుతూ పెరిగిన సువార్త విశ్వాసి ఇక్కడ ఆగిపోతాడు.

అక్కడినుంచి తేడా ఇంకా లోతుకు పోతుంది. మనుషులందరూ పరలోకపు తండ్రికి ఆత్మ సంతానమని, ఆ సంతానంలో యేసు జ్యేష్ఠుడని, విశ్వాసులు కాలక్రమంలో తండ్రిలా మహిమ పొందగలరని వాళ్లు బోధిస్తారు. దేవుడు శూన్యం నుంచి సృష్టించాడని కాక, ఉన్న పదార్థాన్నే క్రమపరిచాడంటారు. సువార్త సంఘాలు సృష్టికర్తకీ సృష్టికీ మధ్య దాటలేని హద్దు పెడతాయి. నన్నడిగితే అసలు విభేదం ఈ హద్దు గురించే, త్రిత్వం మీద వాదన దాని పైపొర. "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి" అని ఇద్దరూ ఒకే మాటలతో బాప్తిస్మం ఇస్తారు. అయినా వాళ్లిచ్చిన బాప్తిస్మాన్ని సువార్త సంఘాలు సాధారణంగా లెక్కలోకి తీసుకోవు. కాథలిక్కులు కూడా చెల్లదని 2001లో ప్రకటించారు. మనం ఇచ్చిన బాప్తిస్మాన్ని వాళ్లూ లెక్కలోకి తీసుకోరు.

స్నేహం మానిపించకండి అమ్మా. రేపు పాస్టర్ అయ్యాక ఇదే ప్రశ్నతో సంఘంలోని పిల్లలు మీవాడి దగ్గరికే వస్తారు. ఆ స్నేహితుడి నమ్మకాన్ని ఆ అబ్బాయే "అవును, మేం నమ్మేది ఇదే" అనేంత నిజాయితీగా చెప్పగలిగి, ఆ తర్వాత తాను ఎక్కడ విభేదిస్తాడో చెప్పగలగాలి. నెల రోజులు టైమిచ్చి రెండు పేజీలు రాయమనండి, స్నేహితుడికి చూపించి దిద్దించుకోమనండి. నా దగ్గరికి వచ్చే థియాలజీ అభ్యర్థులకు నేనిచ్చే మొదటి పని ఇదే.

ఇప్పుడు వృత్తి సంగతి. ఆ సంఘంలో పాస్టర్ ఉద్యోగం అనేదే ఉండదు. స్థానిక సంఘ పెద్దను బిషప్ అంటారు. ఆయన తన ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ జీతం లేకుండా సేవ చేస్తాడు. సెమినరీ డిగ్రీ అక్కర్లేదు. కాబట్టి మీవాడు చెప్పే ఆన్‌లైన్ కోర్సు, బహుశా ఆ సంఘానికే చెందిన బీవైయూ పాత్‌వే, పాస్టర్లను తయారు చేయడానికి పెట్టింది కాదు. ఇంగ్లీషు, లెక్కలు, ఉద్యోగ నైపుణ్యాలతో పాటు ఆ సంఘ బోధనల పాఠాలూ ఉంటాయి. ఇతరులూ చేరవచ్చు. అది చదివి సువార్త సంఘంలో పాస్టర్ అవ్వాలనుకుంటే మాత్రం కుదరదు.

పాస్టర్ కావాలంటే రెండు దారులున్నాయి. ఒకటి థియాలజీ డిగ్రీలిచ్చే శ్రీరాంపూర్ సెనేట్ కింద బీడీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ. 1818లో విలియం కేరీ, ఆయన సహచరులు మొదలుపెట్టిన శ్రీరాంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే అధికారం ఇచ్చాడు. మన దగ్గర లోయర్ ట్యాంక్‌బండ్ వైపు గాంధీనగర్‌లో ఉన్న ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఆ సెనేట్‌కు అనుబంధమే. అక్కడ సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు సంఘాల అభ్యర్థులు ఎక్కువ, సంఘం సిఫారసు ముఖ్యం. రెండోది ఆసియా థియొలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న సెమినరీల్లో ఎండివ్, అంటే మాస్టర్ ఆఫ్ డివినిటీ, డిగ్రీ తర్వాత సాధారణంగా మూడేళ్లు. స్వతంత్ర సువార్త సంఘాల పిల్లలు ఎక్కువగా ఇటే వెళ్తారు. మీవాడికి నేను చెప్పేది ఈ రెండోదే. అయితే ఆ గుర్తింపు సంఘాల మధ్య చెల్లేది, యూజీసీ డిగ్రీతో సమానం అనుకోకండి. అందుకే బీఏ మధ్యలో వదలనివ్వకండి. వీలుంటే ఉస్మానియాలో ఎంఏ ఫిలాసఫీ కూడా చేయమనండి, లెక్చరర్ దారి తెరిచి ఉంటుంది. వేర్వేరు మతాల మధ్య సంభాషణ మీద ఆసక్తి పెరిగితే శివరాంపల్లిలో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది.

దరఖాస్తు పెట్టే ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి: విశ్వాస ప్రమాణం కాపీ, హాస్టల్‌తో కలిపి మొత్తం ఫీజు, మీ సంఘం ఆ డిగ్రీని చూసి పాస్టర్‌గా అభిషేకం ఇస్తుందా లేదా అన్నది. మూడోది పాస్టర్ గారినే అడగాలి. ఆయన్ని కలిసినప్పుడు మీవాడు రాసిన రెండు పేజీలూ చూపించండి. కేవలం ఇంగ్లీషు, కంప్యూటర్ కోసం ఆ ఆన్‌లైన్ కోర్సు చేస్తానంటే అది వేరే విషయం. అప్పుడు ఆ విదేశీ డిగ్రీకి ఇక్కడి డిగ్రీతో సమానమన్న పత్రం వస్తుందో రాదో డబ్బు కట్టకముందే కనుక్కోండి.