ట్రయల్స్ సెల్ బాధ్యత తీసుకున్న నీకు

అమ్మా,

యూనివర్సిటీ క్లినికల్ ట్రయల్స్ సెల్ నీ చేతికి వచ్చిందని విన్నాను. సంతోషం. ఈ పని చూడ్డానికి క్లర్కు పనిలా ఉంటుంది, కానీ కాదు. అందుకే నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదట ఎథిక్స్ కమిటీ మినిట్స్ పుస్తకం తెప్పించుకో. అందులో అనుమతి పొందిన ప్రతి ట్రయల్‌నూ సీటీఆర్‌ఐలో, అంటే ట్రయల్స్ నమోదు చేసే మన దేశపు ఆన్‌లైన్ రిజిస్ట్రీలో వెతుకు. చాలామంది సైట్‌లో మన సంస్థ పేరు కొట్టి, వచ్చిన జాబితాను ప్రింటు తీసి ఫైల్లో పెడతారు. అలా చేస్తే అసలు రిజిస్టరే కానివి నీ కంటపడవు. పీజీ థీసిస్‌లలో మరీ జాగ్రత్త. దరఖాస్తు పంపగానే వచ్చేది ‘ఆర్‌ఈఎఫ్’ అని మొదలయ్యే నంబరు. అది రసీదు లాంటిదే. దాన్నే రిజిస్ట్రేషన్ నంబరనుకుని థీసిస్‌లో వేసేవాళ్లున్నారు.

తేదీల దగ్గర మాత్రం మొహమాటపడకు. సీటీఆర్‌ఐ 2007 జూలైలో మొదలైంది. 2018 ఏప్రిల్ 1 నుంచి, మొదటి పేషెంటును చేర్చుకోకముందే రిజిస్టర్ చేస్తేనే తీసుకుంటున్నారు. మన పిల్లలేమో ‘ఎథిక్స్ వచ్చేసింది కదా మేడమ్’ అని ఓపీలో మొదలుపెట్టేస్తారు. ఈలోగా సీటీఆర్‌ఐ వాళ్లు అడిగిన వివరణలకు జవాబులు పంపడంలోనే రోజులు గడిచిపోతాయి. థీసిస్ గడువు టెన్షన్ ఒకవైపు. చివరికి రిజిస్ట్రీలో మొదటి పేషెంటు తేదీ ఒకటి, కన్సెంట్ ఫారం మీద వేలిముద్ర పక్కన తేదీ మరొకటి. అందుకే ప్రతి ట్రయల్‌కీ మొదటి రెండు మూడు కన్సెంట్ ఫారాలు నువ్వే చూడు. తేడా కనిపిస్తే తేదీ సర్దమని ఎవరు చెప్పినా సర్దకు. ఉన్నది ఉన్నట్టు ఎథిక్స్ కమిటీకి రాయించు, ఆ పేషెంట్ల డేటా ఏం చేయాలో వాళ్లు తేలుస్తారు.

ప్రైమరీ అవుట్‌కమ్, అంటే ట్రయల్‌లో ప్రధానంగా కొలిచే ఫలితం దగ్గర ఇంకాస్త కూర్చో. ‘నొప్పి తగ్గుదల’ అని రాస్తే రాయనట్టే. ‘ఆపరేషన్ తర్వాత 6 గంటలకు వీఏఎస్ స్కోరు’ (పేషెంటు తన నొప్పి ఎంతో గీత మీద గుర్తుపెట్టే కొలత) అని రాయాలి. లేకపోతే 2 గంటలు, 6 గంటలు, 24 గంటలు మూడూ కొలిచి, బాగా వచ్చింది చూపించవచ్చు. పెద్ద కంపెనీలు చేసిన పనే ఇది. టీనేజీ పిల్లల డిప్రెషన్‌కి పరోక్సెటిన్ మీద చేసిన స్టడీ 329లో, ముందు అనుకున్న ప్రైమరీ అవుట్‌కమ్‌లలో మందుకి, ఉత్తి బిళ్లకి తేడా తేలలేదు. అయినా 2001లో వచ్చిన పేపరు మందు బాగా పనిచేసినట్టు చెప్పింది. 2004లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆ మందు కంపెనీ మీద కేసు వేశాడు. ముందే రిజిస్టర్ కాని ట్రయల్స్‌ను ఇక వేసుకోబోమని పెద్ద మెడికల్ జర్నల్స్ ఎడిటర్లు ప్రకటించింది కూడా ఆ ఏడాదే. మనం నింపే ఆ ఫారం వెనక ఇంత కథ ఉందని పీజీలకు చెప్పు. తిట్టుకోవడం మానకపోయినా జాగ్రత్తగా నింపుతారు.

కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ బృందం వస్తోందంటే పైవాళ్లకు పెద్ద అంకె కావాలి. కంపెనీ ట్రయల్‌లో మన ఆసుపత్రి ఒక సెంటరైతే, అది మన దగ్గర జరిగే ట్రయలే గానీ మన ట్రయల్ కాదు. వేరే కాలమ్‌లో వెయ్యి. కొన్నింటికి సీటీఆర్‌ఐ నంబరుతో పాటు అమెరికా రిజిస్ట్రీ వాళ్ల ఎన్‌సీటీ నంబరు కూడా ఉంటుంది. అవి రెండుసార్లు లెక్కలో పడతాయి, చూసుకో.

నన్నడిగితే మొత్తం ఎన్ని అన్నదానికన్నా, ముగిసినవాటిలో ఎన్నింటి ఫలితాలు బయటికొచ్చాయన్నదే అసలు లెక్క. ట్రయల్ ముగిసిన 12 నెలల్లోపు ముఖ్య ఫలితాలు రిజిస్ట్రీలో పెట్టాలని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఫలితాలు బయటపెట్టాలన్న 2017 ఉమ్మడి ప్రకటన మీద మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కూడా సంతకం పెట్టింది. ‘తేడా రాలేదు, ఎవరు వేసుకుంటారు’ అని గైడ్లు పక్కన పడేస్తారు. తేడా రాలేదన్నదీ ఫలితమే. రెండు మందులూ ఒకటేనని తెలిస్తే, వార్డులో పేషెంటు చవకది కొనుక్కుంటాడు.

ఇక పాత ఎంట్రీలు. ట్రయల్ అయిపోయి పీజీ వెళ్లిపోయి ఏళ్లవుతున్నా ‘ఇంకా మొదలు కాలేదు’ అనే ఉంటుంది. పైన చివరిసారి మార్చిన తేదీ చూస్తే తెలిసిపోతుంది. కారణం చాలా చిన్నది. అకౌంటు ఆ అబ్బాయి సొంత జీమెయిల్ మీద తెరిచాడు, పాస్‌వర్డ్ వాడితోనే పోయింది. ఫోన్ చేస్తే ‘చూస్తాను’ అంటాడు, చూడడు. ఇకమీద ప్రతి అకౌంటూ గైడ్ పేరు మీద, సెల్ మెయిల్ ఐడీతో తెరిపించు. చివరికి ఎంతమంది చేరారన్న గడి నింపి, స్టేటస్ మార్చాకే, చదువు ముగించి వెళ్లే పీజీ నో డ్యూస్ మీద సంతకం పెట్టు. హెచ్‌ఓడీలు గొడవ చేస్తారు. ముందే డీన్ గారితో సర్క్యులర్ ఇప్పించుకో.

ఆ మెయిల్ ఐడీకి ఐటీ వాళ్లు ఎంత లేదన్నా నెల తిప్పుతారు. కొత్త బ్యాచ్ టాపిక్‌లు రాకముందే చేతికి రావాలంటే, ఇవాళే లెటర్ పెట్టు.

ఆశీస్సులతో,
మీ పాత హెచ్‌ఓడీ