ఫోస్టర్ కేర్‌లోని పాప తరఫున ఎవరు వాదిస్తారు?

ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర ఫోస్టర్ కేర్‌లో (అంటే సొంత తల్లిదండ్రుల దగ్గర కాక, తాత్కాలికంగా మరో కుటుంబం సంరక్షణలో) ఉన్న తెలుగు పాపను మరో ఇంటికి మార్చాలని బాలల సంక్షేమ కమిటీ ఆదేశిస్తే, ఆమె తరఫున వాదించేదెవరని ఒకరు అడిగారు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద, ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి బిడ్డకూ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది కనుక గజపతి జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థకు వెంటనే దరఖాస్తు చేయండి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 101వ సెక్షన్ ప్రకారం ఫోస్టర్ కేర్ నిర్ణయాలపై అప్పీలును 30 రోజుల్లోగా, కోర్టులో కాదు, జిల్లా మేజిస్ట్రేటు అయిన కలెక్టరు వద్ద వేయాలి. అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది పాప మాట: తన అభిప్రాయం వినిపించే హక్కును అదే చట్టం 3వ సెక్షన్ ఇచ్చినా, విచారణ ఒడియాలోనే సాగితే ఆ బిడ్డ నోరు మెదపలేకపోతుంది కాబట్టి, తెలుగు అనువాదకుణ్ని ఏర్పాటు చేయమని కమిటీని ముందుగానే రాతపూర్వకంగా కోరండి.