కిట్ జిగురు ఇంట్లో కలపడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి 1/72 స్కేలు విమానం కిట్ కొన్నాం. పెట్టెలో జిగురు లేదు. ఫెవిక్విక్‌తో అతికిస్తే రెక్కకి చెయ్యి తగలగానే ఊడి వచ్చేసింది. అసలు మోడల్ సిమెంట్ (కిట్ల కోసం అమ్మే జిగురు) సీసా ధర చూస్తే కిట్ ధరలో సగం ఉంది. ఇంట్లో తయారు చేసుకోవచ్చా?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చేసుకోవచ్చు. కాకపోతే మీ అబ్బాయి కాదు, మీరు కలపాలి. ఎందుకో చివరి జవాబులో చూడండి.

కిట్ పార్టులు దాదాపు అన్నీ పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. ఫెవిక్విక్ లాంటివి రెండు ముక్కల మధ్య పలచటి పొరగా గట్టిపడతాయి. ఆ పొర పెళుసు. నిలువునా లాగితే ఆగుతుంది గానీ పక్క నుంచి దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. మోడల్ సిమెంట్ అతికించదు, కరిగిస్తుంది. రెండు అంచులూ కాస్త మెత్తబడి ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి, ద్రవం ఆవిరైపోతుంది, మిగిలేది ప్లాస్టిక్కే. ఇనుముకి వెల్డింగ్ ఎలాగో దీనికి ఇది అలాగ. అందుకే బాగా కుదిరిన అతుకుని విరిస్తే అతుకు దగ్గర కాక పక్కన విరుగుతుంది.

బజారులో పేరున్న టమియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్‌లో ఉండేవి రెండే: అసిటోన్, బ్యూటైల్ అసిటేట్, దాదాపు సగం సగం. మీరూ అదే కలపండి.

అసిటోన్ 15 మి.లీ., బ్యూటైల్ అసిటేట్ 15 మి.లీ. అంతే. 30 మి.లీ. ఒక విమానానికి కాదు, చాలా విమానాలకి వస్తుంది.

రెండూ ఎందుకంటే, అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది. ప్లాస్టిక్‌ని వెంటనే మెత్తబరుస్తుంది, కానీ సందులో చివరిదాకా పారేలోపే ఎగిరిపోతుంది. బ్యూటైల్ అసిటేట్ 126 డిగ్రీలకి గానీ మరగదు. నిదానంగా ఉండి కరిగించే పని పూర్తి చేస్తుంది. బ్యూటైల్ దొరక్కపోతే ఇథైల్ అసిటేట్ (మరిగేది 77 డిగ్రీలకి) ఒక్కటే వాడినా అతుకు గట్టిగానే వస్తుంది, చెయ్యి మాత్రం చురుగ్గా ఉండాలి. కాలేజీలకి ల్యాబ్ కెమికల్స్ సరఫరా చేసే షాపుల్లో అడగండి. ఎక్కువగా 500 మి.లీ. సీసాల్లోనే ఇస్తారు కాబట్టి నలుగురు కలిసి కొనుక్కోవడం నయం.

సీసా గాజుదే కావాలి. ఖాళీ నెయిల్ పాలిష్ సీసాని అసిటోన్‌తోనే రెండు మూడుసార్లు కడిగి ఆరబెడితే బ్రష్‌తో సహా సిద్ధం. రబ్బరు బుడ్డి ఉన్న డ్రాపర్ మూతలు వద్దు, ఆవిరికి రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. మాత్రలొచ్చే పలచటి ప్లాస్టిక్ డబ్బాలు కొన్ని పాలీస్టైరీనే. అందులో పోస్తే డబ్బాయే కరుగుతుంది.

ప్రశ్న: ఆటోనగర్‌లో కార్ల పెయింటర్లు వాడే ఎన్‌సీ థిన్నర్ లీటరు తక్కువకే వస్తుంది. దాంతో పని జరగదా? నెయిల్ పాలిష్ రిమూవర్, టర్పెంటైన్ సంగతేమిటి?
– పటమట, విజయవాడ

జవాబు: థిన్నర్‌తో ఒక్కోసారి జరుగుతుంది. అసలు చిక్కు ఆ ‘ఒక్కోసారి’ దగ్గరే. ఎన్‌సీ థిన్నర్ ఒక పదార్థం కాదు, మిశ్రమం. టోలుయీన్, అసిటేట్‌లు, కీటోన్‌లు, ఆల్కహాల్ ఏ పాళ్ళలో ఉంటాయో కంపెనీని బట్టి, రకాన్ని బట్టి మారుతుంది. ఆల్కహాల్ పాలీస్టైరీన్‌ని కరిగించదు. అది ఎక్కువున్న డబ్బా తెస్తే అతుకు పట్టదు, టోలుయీన్ ఎక్కువున్నది తెస్తే పట్టుతుంది గానీ ఆ ఆవిరి నరాల మీద పనిచేస్తుంది. గర్భిణులు ఉన్న ఇంట్లో అసలు తెరవకూడదు. మా మాట వింటే, నలభై రూపాయలు మిగిలించడానికి థిన్నర్ జోలికి వెళ్ళొద్దు. ఇంట్లో ఉన్నదే వాడి తీరాలంటే ముందు స్ప్రూ మీద, అంటే పార్టులు వేలాడే ఫ్రేమ్ ముక్క మీద పరీక్షించండి. రెండు ముక్కలు అతికించి, ఒక రోజు ఆగి, విరిచి చూడండి.

రిమూవర్‌లో నీళ్ళు, నూనె, రంగు, సువాసన కలుపుతారు. నూనె అతుకులో ఉండిపోయి పట్టు పోగొడుతుంది. టర్పెంటైన్ పేరుతో పెయింటు షాపులో ఇచ్చే మినరల్ టర్పెంటైన్ అతికించదు. పైగా బిగువు మీదున్న సన్నటి పార్టులకి నెర్రెలు తెప్పిస్తుంది. పెట్రోల్ మాట ఎత్తొద్దు. అందులో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం.

ఇంకో హెచ్చరిక. ఫైబర్‌గ్లాస్ పనివాళ్ళ దగ్గర హార్డెనర్‌గా, అంటే గట్టిపరిచే మందుగా దొరికే ఎంఈకేపీ (మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్)కీ, సాల్వెంట్‌గా, అంటే కరిగించే ద్రవంగా వాడే ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్)కీ పేరులో ఒక్క అక్షరమే తేడా. ఎంఈకే మంచి సాల్వెంటే. ఎంఈకేపీ మాత్రం పెరాక్సైడ్, కంట్లో పడితే చూపు పోవచ్చు. దాన్ని అసిటోన్‌తో కలిపితే భగ్గుమనే ప్రమాదం ఉంది. చీటీ చదవకుండా ‘అదే ఇదే’ అని తెచ్చుకోవద్దు.

ప్రశ్న: మీరు చెప్పే సగం సగం మిశ్రమమే వాడుతున్నాను. మేలో బ్రష్ సందు దాకా తీసుకెళ్ళేలోపే ఆరిపోయింది. ఆగస్టులో అతుకు పక్కన తెల్లగా బూజులా వచ్చింది. జిగురు చెడిందా?
– భవానీపురం, విజయవాడ

జవాబు: జిగురు చెడలేదు, వాతావరణం మారింది. మోడలింగ్ పుస్తకాల్లోని కొలతలు చల్లటి దేశాల గదులకి రాసినవి. రోహిణి కార్తెలో బెజవాడ గది వాటికి లెక్కలో లేదు. ఎండాకాలానికి అసిటోన్ 10, బ్యూటైల్ అసిటేట్ 20 మి.లీ. చొప్పున కలపండి. పొద్దున్నే పనిచేయండి. సీలింగ్ ఫ్యాన్ గాలి నేరుగా పార్టు మీద పడకుండా బల్ల పక్కకి జరపండి.

ఆ తెలుపు బూజు కాదు, తేమ. అసిటోన్ వేగంగా ఆవిరవుతూ ప్లాస్టిక్ పైపొరని చల్లబరుస్తుంది. వానాకాలపు గాలిలోని తేమ ఆ చల్లటి చోట చేరి, మెత్తబడిన పొరలో చిక్కుకుని తెల్లగా కనిపిస్తుంది. మందు అదే, అసిటోన్ తగ్గించి బ్యూటైల్ పెంచడం. ఇప్పటికే తెల్లబడిన చోట ఒట్టి బ్యూటైల్ అసిటేట్‌ని బ్రష్ తడితో ఒక్కసారి తాకిస్తే చాలావరకు పోతుంది. రెండోసారి తాకించొద్దు, గీతలూ రివెట్లూ కరిగిపోతాయి.

ప్రశ్న: స్ప్రూ ముక్కలు అసిటోన్‌లో వేసి చిక్కటి జిగురు చేద్దామంటే అడుగున బంకముద్దలా మిగిలిపోయింది.
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: అసిటోన్ పాలీస్టైరీన్‌ని ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది గానీ పూర్తిగా కరిగించదు. చిక్కటి జిగురుకి ఇథైల్ అసిటేట్ గానీ, బ్యూటైల్ అసిటేట్ గానీ, ఎంఈకే గానీ వాడండి. 30 మి.లీ.కి 3 గ్రాముల స్ప్రూ వేస్తే పాకంలా వస్తుంది, పెద్ద రెక్కల అతుకులకి బాగుంటుంది. 6 గ్రాములు వేస్తే సందులు పూడ్చడానికి పనికొచ్చే ముద్ద. స్ప్రూని 2–3 మి.మీ. ముక్కలుగా కత్తిరించి, మూత పెట్టి రాత్రంతా ఉంచి, మర్నాడు టూత్‌పిక్‌తో కలపండి. వేడిచేసి తొందరపెట్టే ఆలోచన వద్దు.

అదే కిట్ స్ప్రూ అయితే రంగు కూడా కలిసిపోతుంది. రంగు లేనిది కావాలంటే విరిగిన సీడీ పెట్టె మూత వాడొచ్చు, అదీ పాలీస్టైరీనే. క్రోమ్ పూత ఉన్న ముక్కలు వద్దు.

పూడ్చిన ముద్ద పైన ఒక రోజులో గట్టిగా కనిపిస్తుంది, లోపల మాత్రం సాల్వెంట్ ఇంకా ఉంటుంది. లోతైన సందుకి వారం ఆగాలి. ముందే సాండ్‌పేపర్ పెడితే, తర్వాత మిగతా ద్రవం పోయాక అక్కడ గుంట పడుతుంది. రంగు వేశాక బయటపడే ఆ గుంటకి ఇక విరుగుడు లేదు, మళ్ళీ మొదలే.

ప్రశ్న: అతుకు పక్కన నా వేలిముద్రే అచ్చు పడుతోంది. ఎలా పట్టుకోవాలి?
– లాలాపేట, గుంటూరు

జవాబు: పలచటి జిగురు సన్నటి సందు దొరికితే చాలు దానంతటదే పాకుతుంది. మీ వేలికీ ప్లాస్టిక్‌కీ మధ్య ఉన్నదీ సందే. మాస్కింగ్ టేపు కింద కూడా అలాగే పాకుతుంది. వేళ్ళూ టేపూ అతుకు గీతకి సెంటీమీటరు దూరంలో ఉంచండి. ముందు పొడిగా జతచేసి చూడండి, అంచుల మీద రంగు ఉంటే గీకేయండి, తర్వాత బ్రష్ కొనని గీతకి ఒక్క క్షణం తాకించండి. పూయకండి, తాకించండి. అర నిమిషం ఆగి మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి పూసలా బయటికొస్తుంది. దాన్ని తుడవొద్దు. తుడిస్తే పక్కంతా పులుముకుంటుంది. 48 గంటల తర్వాత సాండ్‌పేపర్‌తో పోతుంది. ఎక్కడైనా కారితే కూడా అంతే, ముట్టుకోకుండా ఆరనివ్వండి.

కాక్‌పిట్ అద్దం లాంటి పారదర్శక భాగాలకి ఈ జిగురు కాదు, తెల్ల ఫెవికాల్. ఫెవిక్విక్ కూడా వద్దు, దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది.

ప్రశ్న: ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. ఇదే ద్రవంతో ఆక్రిలిక్ షీటు, థర్మాకోల్ అతికించవచ్చా?
– గుణదల, విజయవాడ

జవాబు: థర్మాకోల్‌కి అస్సలు వద్దు. అదీ పాలీస్టైరీనే, కాకపోతే నిండా గాలి. చుక్క పడితే రంధ్రమే. దానికి ఫెవికాల్. ఆక్రిలిక్‌కి బోర్డుల పనివాళ్ళు క్లోరోఫారమ్, డైక్లోరోమీథేన్ వాడతారు. రెండోది ఒంట్లోకి వెళితే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. హాస్టల్ గదిలో చేసే పని కాదు, ఆ అతుకులు షాపులోనే వేయించుకోండి. ఏ ప్లాస్టికో తెలియకపోతే నీళ్ళలో వేయండి. తేలితే పాలీప్రొపైలీన్ గానీ పాలిథీన్ గానీ అనుకోవచ్చు, వాటిని ఈ సాల్వెంట్లు ఏమీ చేయవు. మునిగితే, కనబడని మూల ఒక చుక్క రాసి వేలుగోటితో చూడండి. జిగటగా అయితే అతుకుతుంది.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో కలపడం ప్రమాదమా? హైదరాబాద్ నుంచి రైల్లో తెచ్చుకోవచ్చా?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: రైల్లో కుదరదు. మంటలంటుకునే సరుకు బోగీలోకి తేవడం 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం. ఇక్కడే కొనండి.

అసిటోన్ ఆవిరి సున్నాకి 20 డిగ్రీలు తక్కువ చలిలో కూడా నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఈ ఆవిర్లన్నీ గాలి కన్నా బరువు, నేల మీద పాకుతూ దూరంగా ఉన్న మంట దాకా వెళ్ళగలవు. అందుకని వంటగదిలో వద్దు, దేవుడి గూట్లో దీపం గానీ అగరొత్తి గానీ వెలుగుతుంటే పక్క గదిలో కూడా వద్దు. బాల్కనీలో పగటిపూట కలపండి. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు దుమ్ముని ఆపుతాయి గానీ ఆవిరిని ఆపవు. తలనొప్పి మొదలైతే మూత పెట్టి లేచి వెళ్ళడమే. పలచటి నైట్రైల్ గ్లవ్స్ గుండా అసిటోన్ నిమిషాల్లో దిగుతుంది. వాటిని నమ్ముకునే కన్నా చేతి మీద పోసుకోకుండా జాగ్రత్తపడటం మేలు. కళ్ళద్దాలు మాత్రం పెట్టుకోండి.

సీసా మీద ఏముందో, ఎప్పుడు కలిపారో రాయండి. మూడొంతులకి మించి నింపొద్దు, ఎండకి లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లోపలి స్విచ్ నిప్పురవ్వ చాలు. పిల్లలకి అందని అల్మరాలో, నీడన, నిలువుగా ఉంచండి. మిగిలింది సింక్‌లో పోయకండి. కాస్తే అయితే వెడల్పాటి గాజు మూకుడులో బయట పెట్టి ఆవిరి కానివ్వండి, మనుషులకీ నిప్పుకీ దూరంగా.