కాంక్రీటు పోయకముందే చూసుకో

ఒంగోలు

చిరంజీవి వాసుకి పెదనాన్న ఆశీస్సులు.

చికాగోలో కట్టే ఇంటికి నేల కింద వేడినీళ్ల పైపులు వేయిద్దామని రాశావు. ఇక్కడి ఎండల్లో చెబితే నవ్వుతారు గానీ, ఆ చలికి అది మంచి పద్ధతే. కాకపోతే కాంక్రీటు పడ్డాక తప్పు దిద్దుకోవాలంటే నేల పగలగొట్టడమే.

అడుగున రెండంగుళాల ఎక్స్‌పీఎస్, అంటే వేడి కిందికి పోకుండా ఆపే గట్టి ఫోం బోర్డు పరిపించు, గోడల అంచుల్లో నిలువుగా కూడా. అక్కడ డబ్బు మిగుల్చుకుంటే నువ్వు వెచ్చబెట్టేది ఇంటిని కాదు, భూదేవిని.

పైపు అరంగుళం పెక్స్, అంటే వంగే గట్టి ప్లాస్టిక్‌ది, ఆక్సిజన్‌ని ఆపే పొర ఉన్నదే కొను. అది లేకపోతే గాలి నీళ్లలోకి దూరి పంపులో ఇనుము తుప్పు పడుతుంది. వరసకీ వరసకీ 9 అంగుళాలు, అంటే 0.75 అడుగు ఎడం. 200 చదరపు అడుగుల గదిని 0.75తో భాగిస్తే 267 అడుగుల పైపు. పైపులన్నిటికీ నీళ్లు పంచే మానిఫోల్డ్ దాకా రానూ పోనూ కలిపి ఒక్కో చుట్టు 300 అడుగులు దాటనివ్వకు, దాటితే చివరికొచ్చేసరికి నీళ్లు చల్లబడతాయి, పంపు మీద భారం పడుతుంది. గది పెద్దదైతే ఇంచుమించు సమాన పొడవుతో రెండు చుట్లు వెయ్యి. కాంక్రీటులో అతుకు ఒక్కటీ వద్దు.

పైపుల్లో 60 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడితో గాలి ఎక్కించి, కాంక్రీటు పోసినంతసేపూ గేజి అలాగే ఉంచమను. పార తగిలి పైపు చిల్లు పడితే ముల్లు దిగిపోతుంది. శీతాకాలంలో నీళ్లతో పరీక్షించొద్దు, గడ్డకడతాయి.

వెంటనే వేడి పెట్టకు. పైపుల మీద పోసింది సిమెంటు స్క్రీడ్, అంటే ఇసుక సిమెంటు పొర అయితే 21 రోజులు ఆగి, 25 డిగ్రీల (సెల్సియస్ లెక్క) నీళ్లతో మూడు రోజులు నడిపి, ఆ పైన మెల్లగా పెంచు. తొందరపడితే పగుళ్లే. తర్వాత రోజువారీకి 35 నుంచి 45 డిగ్రీలు చాలు. నేల పైభాగం 29 దాటకూడదు కాబట్టి, బాయిలర్ నీళ్లు ఎక్కువ వేడిగా ఉంటే చల్లటి నీళ్లు కలిపి వేడి తగ్గించే మిక్సింగ్ వాల్వ్ తప్పదు. పైన మన చీమకుర్తి గ్రానైట్ లాంటి రాయో, టైలో వేసుకో. మందపాటి కార్పెట్ వేస్తే నేలకు దుప్పటి కప్పినట్టే. రాత్రి ఆపి పొద్దున వేసే అలవాటు పెట్టుకోకు, మళ్లీ వెచ్చబడటానికి గంటలు పడుతుంది.

ఒక్క స్నానాల గదికే అయితే టైళ్ల కింద పరిచే వేడి తీగల కరెంటు మ్యాట్ చాలు. పరిచేముందు, పరిచాక, టైలు వేశాక తీగ తెగలేదని తెలియడానికి మీటరుతో ఓమ్స్, అంటే నిరోధం చూడు. బిగించిన అల్మరాల కింద వెయ్యకు. పాత ఇల్లయి నేల తవ్వలేకపోతే బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే హీట్ పంప్ మేలు, అయితే ముందు కిటికీల సందులు, అటకలో చలి దూరే దారులు మూయించాలి. మీ అమ్మ వచ్చి బొగ్గుల కుంపటి అడిగినా లోపల పెట్టనివ్వకు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

పోసే రోజు పొద్దున్నే గోడ నుంచి టేపు పెట్టి పైపులన్నిటికీ ఫోటోలు తీసి ఉంచు. రేపు తలుపు స్టాపర్‌కి డ్రిల్లు పెట్టేవాడికి అవే దిక్కు.