నోటిమాటగా వచ్చిన కథల్ని చరిత్రకు ఆధారంగా తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కాకపోతే మిగతా ఆధారాలతో సరిచూసుకున్నాకే. తరాల మీదుగా వచ్చే కథలో ఏం జరిగింది, ఎక్కడ జరిగింది అన్నవి చాలావరకు నిలుస్తాయి. ఏ సంవత్సరం, ఎంతమంది లాంటివి జారిపోతాయి. వంశావళుల్లో మధ్య తరాలు మాయమై తాత పక్కనే మునిమనవడు వచ్చి నిలబడతాడు. పైగా చెప్పేవాళ్లు తమ కాలపు అవసరాన్ని బట్టి కథను కాస్త మలుస్తుంటారు.

కెనడాలోని వాంకూవర్ దీవిలో హూ-అయ్-అట్ అనే ఆదివాసీ ప్రజల కథ ఒకటుంది. ఓ చలికాలపు రాత్రి భూమి కంపించి, సముద్రం పచీనా బే దగ్గరి ఊరిని మింగేసిందట. ఏ ఏడాదో అందులో లేదు. ఆ తీరప్రాంతంలో ఒక్కసారిగా కుంగిన నేల, ఉప్పునీటికి చచ్చిన సెడార్ చెట్లు, సునామీ తెచ్చిన ఇసుక పొరలు పెద్ద భూకంపం వచ్చిందని చూపించాయి. తేదీ మాత్రం సముద్రానికి అవతల, జపాన్ రికార్డుల్లో దొరికింది: అక్కడ భూమి కదలకుండానే సునామీ వచ్చిందని రాసుకున్నారు. అల సముద్రం దాటడానికి పట్టే సమయాన్ని దాన్నుంచి వెనక్కి లెక్కేస్తే భూకంపం 1700 జనవరి 26 రాత్రి. చలికాలం, రాత్రి రెండూ కథలో ఉన్నవే!

రాసింది నిజం, చెప్పింది కల్పన అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. రాసినవాళ్లకీ పక్షపాతం ఉంటుంది. పాత రాతల్లో చాలావాటికి మూలం విన్న మాటే.