అక్టోబరు నుంచి నైలాన్ భాగాలపై వెండి చారలు పడుతుంటే డ్రైయర్ వేడి పెంచవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: చిత్తూరు దగ్గరి మీ యూనిట్‌లో రంగు కలపని నైలాన్ 6 గ్రాన్యూల్స్‌ను (ప్లాస్టిక్ గింజలను) మామూలు హాట్ ఎయిర్ హాపర్ డ్రైయర్‌లో (యంత్రం మీది గింజల తొట్టిలోకి వేడి గాలి ఊదే డ్రైయర్) 80 డిగ్రీల వద్ద మూడు గంటలు ఆరబెట్టి బుష్‌లు తీస్తున్నారు. మే నెలలో ఇవే సెట్టింగులతో శుభ్రంగా వచ్చిన బుష్‌లపై అక్టోబరు నుంచి వెండి చారలు పడుతున్నాయి. ఈ చారలు గింజలోని తేమ వల్ల పడతాయి, వానాకాలపు గాలి తడిగా ఉంటుంది కాబట్టి వేడిని 110కి పెంచమని ఎవరో సలహా ఇచ్చారు.

దయచేసి పెంచకండి. నైలాన్ అంత వేడి గాలిలో గంటల తరబడి ఉంటే ఆక్సిజన్ సోకి పసుపుబారుతుంది. చారల స్థానంలో రంగు తేడా వచ్చి, మీ చేతికి రెండో ఫిర్యాదు అందుతుంది.

నేను రేణిగుంట పక్కన గాజులమండ్యం పారిశ్రామికవాడలో పదమూడేళ్లు మౌల్డింగ్ షాపు చూసుకున్నాను. ఈశాన్య రుతుపవనాల గాలి తడిసి ఉంటుంది, ఎండాకాలపు గాలి పొడిగా ఉంటుంది అనే నేనూ చాలాకాలం నమ్మాను. ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూస్తే ఆ నమ్మకం నిలవలేదు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో తేమ 35 శాతం ఉన్న గాలికి డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, ఇది ఎంత తక్కువైతే గాలి అంత పొడి) దాదాపు 22 డిగ్రీలు. నవంబరులో 25 డిగ్రీల వద్ద తేమ 85 శాతం ఉన్న గాలికీ దాదాపు అంతే. అంటే మీ బ్లోయర్ లోపలికి పీల్చుకునే గాలిలోని నీటి ఆవిరి రెండు కాలాల్లోనూ ఇంచుమించు ఒకటే. ఆ గాలిని 80కి వేడి చేస్తే దాని సాపేక్ష తేమ (ఆ వేడిలో గాలి పట్టగల ఆవిరిలో నిజంగా ఉన్న వంతు) ఐదారు శాతానికి దిగుతుంది, అంతకంటే దిగదు. ఆ గాలితో ఎన్ని గంటలు ఆరబెట్టినా నైలాన్‌లోని తేమను మౌల్డింగ్‌కు కావలసిన 0.2 శాతం కిందకు నమ్మకంగా తీసుకురాలేము.

మరి తేడా ఎక్కడ వచ్చిందంటే, గింజ ముందే తాగిన నీటిలో. నైలాన్ తన చుట్టూ ఉన్న సాపేక్ష తేమను బట్టి నీటిని పీల్చుకుంటుంది. 50 శాతం తేమలో వదిలేస్తే చివరికి తన బరువులో 2.5 నుంచి 3 శాతం వరకు, నీళ్లలో నానబెడితే 9 శాతం దాకా తీసుకుంటుంది. మే నెలలో మూతి విప్పిన బస్తా గోడౌన్‌లో నాలుగు రోజులున్నా పీల్చేది తక్కువ, అదే ముసురు రోజుల్లో అయితే చాలా ఎక్కువ. మీ డ్రైయర్ మేలో బాగా పనిచేసి ఇప్పుడు చెడిపోలేదు. అప్పుడు దాని మీద పడిన పని తక్కువ, అంతే.

మూడు గంటలు అన్నారు కదా, అది కూడా ఒకసారి సరిచూసుకోండి. 25 కిలోల హాపర్ నుంచి యంత్రం గంటకు 12 కిలోలు లాగితే, పైన పోసిన గింజ రెండు గంటల చిల్లరలోనే, గింజను కరిగించి ముందుకు నెట్టే యంత్రపు స్క్రూ మీదకు చేరుతుంది. ఉదయం ఆరబెట్టిన మొదటి హాపర్‌కు మాత్రమే మూడు గంటలు దక్కుతాయి. మా దగ్గర చారలు ఎప్పుడూ టీ వేళ తర్వాతే మొదలయ్యేవి. కారణం అదేనని తెలుసుకోవడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది.

తేమ ఉందో లేదో చూడటానికి ముందు పర్జ్ చేసిన (అచ్చులోకి కాక బయటికి వదిలిన) ముద్దను గమనించండి. నాజిల్ (యంత్రం మూతి) నుంచి చిటపటమంటూ, నురగ కక్కుతూ వస్తే, చల్లారాక కోసినప్పుడు లోపల ఇడ్లీలా గుల్లగా ఉంటే, గింజ ఆరలేదని అర్థం. పాలికార్బొనేట్‌కు (గాజులా పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్) మేము గాజు పలకల పరీక్ష చేసేవాళ్లం. హాట్ ప్లేట్‌ను 270 డిగ్రీలకు తెచ్చి, దానిపై గాజు స్లైడు పెట్టి, నాలుగైదు గింజలు వేసి, పైన రెండో స్లైడు ఉంచి చెక్కపుల్లతో మెల్లగా అదిమితే ఒక్కో గింజ బొట్టుబిళ్లలా పరుచుకుంటుంది. ఒకటి రెండు బుడగలు కనిపిస్తే అది ఇరుక్కున్న గాలి కావచ్చు, బిళ్ల నిండా బుడగలుంటే మాత్రం తేమే.

ఆ పరీక్ష మేము నేర్చుకున్నది ఒక నష్టం తర్వాత. పాలికార్బొనేట్ మీటరు మూతలపై చారలు పడుతుంటే మా ఆపరేటరు బ్యాక్ ప్రెషర్ (స్క్రూ వెనక్కి జరిగేటప్పుడు కరిగిన ప్లాస్టిక్‌పై పెట్టే ఒత్తిడి) పెంచి, ఇంజెక్షన్ వేగం తగ్గించి వాటిని కనబడకుండా చేశాడు. నేనూ సరేనన్నాను. అద్దంలా మెరుస్తూ వెళ్లిన మూతలు, కొన్నవారు స్క్రూలు బిగించగానే మూలల్లో చిట్లిపోయాయి. తిరిగొచ్చిన సరుకును గ్రైండ్ చేసి, ఐదో వంతుగా కొత్త గింజలో కలిపి, ఈసారి ఆరు గంటలు ఆరబెట్టి మళ్లీ తీశాము. మళ్లీ చిట్లాయి. కరిగే వేడిలో నీరు పాలికార్బొనేట్ అణువుల గొలుసులను తెంచేస్తుంది. తెగిన గొలుసును ఆరబెట్టి అతికించలేము. ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌లో తేమ వల్ల పాడయ్యేది ప్రధానంగా పైరూపమే కాబట్టి అక్కడ చారను దాచినా చెల్లుతుంది. నైలాన్, పాలికార్బొనేట్, పెట్, పీబీటీ అనే ప్లాస్టిక్‌లలో చారను దాచడమంటే లోపాన్ని కొనుగోలుదారు ఇంటికి పంపడమే.

మీకు సరైన పరిష్కారం డీహ్యూమిడిఫైయింగ్ డ్రైయర్. అందులో మాలిక్యులర్ సీవ్ (నీటిని పట్టే సూక్ష్మ రంధ్రాల గుళికలు) పరుపు గాలిలోని నీటిని ముందే పట్టేసి, డ్యూ పాయింట్‌ను మైనస్ 40 డిగ్రీల వరకు దించుతుంది. అటువంటి గాలితో 80 డిగ్రీలే చాలు. రెండే యంత్రాలకు ఆ ఖర్చు భారమనిపిస్తే కంప్రెస్డ్ ఎయిర్ డ్రైయర్‌ను (కంప్రెసర్ గాలితో గింజను ఆరబెట్టేది) పరిశీలించండి. 7 బార్ ఒత్తిడి వద్ద 3 డిగ్రీల డ్యూ పాయింట్‌కు రిఫ్రిజరేటెడ్ డ్రైయర్ (గాలిని చల్లబరిచి నీటిని తీసేది) ఆరబెట్టిన గాలిని మామూలు పీడనానికి వదిలితే దాని డ్యూ పాయింట్ మైనస్ 20 దాటి దిగుతుంది. చిన్న హాపర్‌కు అది బాగానే సరిపోతుంది. అయితే నూనె ఫిల్టరు తప్పనిసరి, లేకపోతే కంప్రెసర్ నూనె గింజ మీద పడుతుంది.

అంతవరకు, లోపల అల్యూమినియం పొర ఉన్న సీలు బస్తాలే కొనండి, విడి సరుకు వద్దు. బస్తా విప్పితే ఆ పూటే వాడేయండి, మిగిలినదాని మూతిని గాలి తగలకుండా బిగించి కట్టండి. హాపర్ మూత తెరిచి ఉంచవద్దు. కరెంటు పోయి హాపర్ చల్లబడితే, అందులోని గింజను మళ్లీ మొదటి నుంచి ఆరబెట్టాలి. రన్నర్లను (అచ్చు దారుల్లో గట్టిపడి మిగిలే ప్లాస్టిక్ తీగలను) సాయంత్రం వరకు గోతాల్లో పోగు చేయకుండా వెంటనే గ్రైండ్ చేసి అదే షిఫ్టులో కలిపేయండి. అచ్చు నుంచి అప్పుడే వచ్చిన రన్నర్‌లో ఉండే తేమ, రాత్రంతా వాన గాలికి వదిలేసిన రన్నర్‌లో ఉండే తేమతో పోలిస్తే చాలా తక్కువ.