టెక్ సందేహాలు: యాకుజా ఆట కోసం యాంటీవైరస్ ఆపకండి

వరంగల్ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ప్రశ్న: "జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) ఆటలన్నీ ఆడేశాను. జపాన్ నేర ముఠాల మీద వచ్చే యాకుజా గేమ్ సిరీస్ కూడా అలాగే ఉంటుందంటే 'యాకుజా జీరో' కొన్నాను. రెండు గంటలైనా మాటలే తప్ప ఆట లేదు. కారు కూడా ఎక్కనివ్వడం లేదు. నా లాప్‌టాప్‌లో ఏదైనా సెట్టింగ్ తప్పా?"

మీ లాప్‌టాప్ బాగానే ఉంది, మీకు చెప్పినవాళ్లే తప్పు చెప్పారు. ఈ సిరీస్ గురించి నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇదే ఫిర్యాదు. నేరం, ముఠాలు, పెద్ద నగరం అనగానే అందరికీ జీటీఏ గుర్తొస్తుంది. 2005 డిసెంబర్‌లో ప్లేస్టేషన్ 2 మీద మొదలైనప్పటి నుంచీ దీని దారి వేరు. ఇందులో ఊరంతా కారులో తిరగడం ఉండదు. దారిన పోయేవాళ్లను ఊరికే కొట్టడానికి వీలుండదు. గొడవకొచ్చిన రౌడీలతోనే ఫైటింగ్. దానికి చేతులు చాలు, పక్కన సైకిల్ కనిపిస్తే అదీ ఆయుధమే.

కథ నడిచే కామురోచో చాలా చిన్న పేట. టోక్యోలో షింజుకు ప్రాంతంలోని కబుకిచో అనే రాత్రి వినోదాల పేటను చూసి కట్టింది. ఆట తర్వాత ఆట అదే పేటకు మళ్లీ మళ్లీ వస్తారు. సెలవులకు సొంతూరు వెళ్లి, బజారులో ఏ కొట్టు మూతపడిందో, ఎక్కడ కొత్తది వచ్చిందో చూసుకున్నట్టు ఉంటుంది. నాకు ఈ సిరీస్‌లో అన్నిటికంటే నచ్చేది అదే.

మీరు కొన్న 'జీరో' 1988 డిసెంబర్‌లో జరుగుతుంది. జపాన్‌లో భూముల ధరలు ఆకాశాన్నంటిన రోజులవి. కామురోచో మధ్యలో ఒక చిన్న ఖాళీ స్థలం, దాని కోసం ముఠాల్లో కొట్లాట, ఆ మధ్యలో ఇరుక్కున్న ఇరవై ఏళ్ల కజుమా కిర్యూ. ఇదీ కథ. స్థలం తగాదాలు తెలిసిన మనవాళ్లకు ఇది వెంటనే ఎక్కుతుంది. చేతుల్లో పేజర్లు, వీధుల్లో ఫోన్ బూత్‌లు కనిపిస్తాయి. ఆట సేవ్ చేయాలన్నా ఫోన్ బూత్ దగ్గరికే వెళ్లాలి. మొదట వచ్చిన వెర్షన్‌లో మాటలన్నీ జపనీస్‌లోనే ఉంటాయి, కింద ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదువుకోవాలి. చదివే ఓపిక లేకపోతే ఈ ఆట మీకు కాదు. ఓపిక ఉంటే మాత్రం మొదటి రెండు గంటలు చూసి వదిలేయకండి. ప్రధాన కథ గంభీరంగా నడుస్తుంటే, పక్క వీధిలో ఎవరో ఒక వింత మనిషి విచిత్రమైన సాయం అడుగుతాడు. ఆ చిన్న కథలే వంద దాకా ఉన్నాయి. అవి వదిలేసి పరిగెత్తితే సగం ఆట పోయినట్టే.

ఇంకొకటి, కీబోర్డుతో తంటాలు పడకండి. అసలైన యాకుజా గేమ్‌ప్యాడే (చేత్తో పట్టుకుని ఆడే బటన్ల పరికరం) వాడతాడని కంప్యూటర్‌లో ఆట మొదలవగానే అదే చెబుతుంది. ఆ మాట వినండి.

దీని తర్వాత 'కివామీ', 'కివామీ 2', ఆపైన 3 నుంచి 6 వరకూ వరుసగా ఆడొచ్చు. అంత తీరిక లేకపోతే 2020లో వచ్చిన 'లైక్ ఎ డ్రాగన్' పట్టుకోండి. అందులో హీరో ఇచిబాన్ కసుగా, ఊరు యోకోహామా. చేయని హత్య నెత్తిన వేసుకుని 18 ఏళ్లు జైల్లో గడిపిన మనిషి. బయటికొచ్చాక అతని జట్టులో ఉండేది ఉద్యోగం పోయిన పోలీసు, ఇల్లు లేని నర్సు. అయితే అందులో ఫైటింగ్ వంతులవారీగా సాగుతుంది. ముందే తెలుసుకుని మొదలుపెట్టండి, లేకపోతే దాని మీదా నాకు ఇలాంటి ఉత్తరమే వస్తుంది.

గుంటూరు నుంచి మరో పాఠకుడు: "ఇదే ఆట ఫ్రీగా దొరికింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆపమంటే ఆపాను. ఆట బాగానే నడుస్తోంది. మర్నాటి నుంచి నా అకౌంట్ నుంచి ఫ్రెండ్స్‌కి క్రిప్టో మెసేజ్‌లు వెళ్తున్నాయి. ఓటీపీ పెట్టుకున్నా ఎలా పోయింది?"

నాకు ఎక్కువ భయం కలిగించేది ఇదే. ఆట బాగా నడవడం వల్లే మీకు అనుమానం రాలేదు. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక, మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా బ్రౌజర్ కుకీ అనే చిన్న గుర్తును దాచుకుంటుంది. సినిమా హాల్లో చేతి మీద వేసే ముద్ర లాంటిది. ఇలా లాక్ తీసేసి ఫ్రీగా పంచే క్రాక్ ఆటలతో వచ్చే దొంగ సాఫ్ట్‌వేర్ బ్రౌజర్లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లతో పాటు ఆ కుకీలనూ ఎత్తుకుపోతుంది. ముద్ర వాళ్ల చేతిలో ఉన్నాక ఓటీపీ అడిగేదెవరు? ఆట అన్‌ఇన్‌స్టాల్ చేసినా పోయినవి తిరిగి రావు.

ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్ నుంచి తీసేయండి. వేరే పరికరం నుంచి ముందు ఈమెయిల్, తర్వాత మిగతా పాస్‌వర్డ్‌లు మార్చండి. ప్రతి అకౌంట్లో 'అన్ని పరికరాల నుంచి లాగౌట్' నొక్కండి. పాస్‌వర్డ్ మార్చి ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. కంప్యూటర్ ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఫోన్‌లో 'జీరో' ఆడొచ్చంటూ తిరిగే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైళ్ల జోలికీ పోకండి. కంప్యూటర్లో గిగాబైట్లు తినే ఆట కొన్ని మెగాబైట్ల ఫైల్లో ఎలా వస్తుంది? అది ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగిందంటే ఓటీపీల కోసమే.

పాత యాకుజా ఆటలు సేల్‌లో బాగా చవగ్గా దొరుకుతాయి, నెల రోజులు ఆగితే చాలు. కొత్త ఆటల ధర చూసి కడుపు మండేవాళ్ల బాధ మాత్రం నాకు తెలుసు. ఈ సిరీస్‌లోనే 2024లో వచ్చిన 'ఇన్ఫినిట్ వెల్త్'లో న్యూ గేమ్ ప్లస్ కావాలంటే ఎక్కువ ధర ఎడిషన్ కొనాలన్నారు. న్యూ గేమ్ ప్లస్ అంటే ఆట పూర్తిచేసినవాళ్లు సంపాదించుకున్న బలంతో మళ్లీ మొదటి నుంచి ఆడటం. ఏళ్ల తరబడి ఆటతో పాటే వచ్చిన సౌకర్యం అది. అంత డబ్బు పెట్టి కొని, పూర్తిగా ఆడిన అభిమాని దగ్గర దానికి మళ్లీ డబ్బు అడగడం అన్యాయం. ఈ మాట ఆ ఆటను ఇష్టపడే మనిషిగానే అంటున్నాను.